తొమ్మిదిలో బడి మానేసిన తమ్ముడికి వెల్డింగ్ ఎక్కడ నేర్పించాలి?

నమస్కారమండి, మాది వైజాగ్ జాలారిపేట. మా పిన్ని కొడుక్కి 17 ఏళ్ళు, బాబాయి పోయాక తొమ్మిదిలో బడి మానేసి ఫిషింగ్ హార్బర్‌లో ఐసు మోస్తున్నాడు, అరచేతులు పగిలిపోయి అన్నం కలుపుకుంటే మంట అంటాడు. వాడికి వెల్డింగ్ ఇష్టం, టెన్త్ లేకపోతే ఎవరూ తీసుకోరంటున్నారు, నిజమేనా? ఓ ప్రైవేట్ సెంటర్ వాళ్ళు ముందే డబ్బులు కట్టించుకుని సర్టిఫికెట్ కూడా ఇవ్వలేదు, పిల్లాడు బాగా డీలా పడిపోయాడు.

జవాబు 1:
టెన్త్ అక్కర్లేదమ్మా. ఐటీఐలో వెల్డర్ ట్రేడ్‌కి ఎనిమిది పాసైతే చాలు, ఏడాది కోర్సు. కంచరపాలెం గవర్నమెంట్ ఐటీఐకి వెళ్ళి అడగండి, ఈలోగా బడికెళ్ళి టీసీ తెచ్చుకోండి, మా వాడికి దాని దగ్గరే ఆలస్యమైంది.

జవాబు 2:
నేను గాజువాక ఆటోనగర్‌లో వెల్డర్‌ని. మొదట్లో రాడ్ ప్లేటుకి అతుక్కుపోతూనే ఉంటుంది, చెయ్యి వణుకుతుంది, అది అందరికీ ఉండేదే, తమ్ముడ్ని భయపడొద్దనండి. కానీ కళ్ళకి అడ్డంగా నల్ల గ్లాస్ లేకుండా వెల్డింగ్ మంట మాత్రం చూడనివ్వకండి, నేను చిన్నప్పుడు చూసి రాత్రంతా కళ్ళలో ఇసుక పోసినట్టు ఏడ్చాను. ఐటీఐ అయ్యాక అప్రెంటిస్ తప్పకుండా చెయ్యమనండి, స్టైపెండ్ ఇస్తారు, అసలు పని అక్కడే వస్తుంది.

జవాబు 3:
ఓపెన్ స్కూల్లో టెన్త్ కూడా కట్టించండి, పని చేసుకుంటూనే రాయొచ్చు.

అడిగినామె:
చాలా థాంక్స్ అన్నయ్యా, అందరికీ. సోమవారం వాణ్ణి తీసుకుని కంచరపాలెం వెళ్తున్నాను.