ఒకే హోటల్ గది, ఇద్దరు చిన్నపిల్లలు, మాతో అత్తయ్యగారు: హైదరాబాద్‌లో మూడు రాత్రులు ఎలా?

గోదావరి అమ్మాయి:

అందరికీ నమస్కారమండీ. మాది రాజమండ్రి. దసరా సెలవుల్లో మూడు రాత్రులు ఉండేలా హైదరాబాద్ వస్తున్నాం. నేను, మావారు, అత్తయ్యగారు, నాలుగేళ్ల బాబు, తొమ్మిది నెలల పాప. లకిడీకాపూల్ దగ్గర ఒక హోటల్ చూసుకున్నాం. గది ఒకటి తీసుకోవాలా, రెండా అన్న దగ్గర ఆగిపోయాం.

ఇంట్లో అందరం ఒకే గదిలో పడుకుంటాం కదా, అక్కడ మాత్రం రెండు గదులు ఎందుకు, దండగ అని అత్తయ్యగారు అంటున్నారు. ఆవిడ మాటలో తప్పేమీ లేదు. కానీ కిందటి దసరాకి ఇంకో ఊళ్లో ఒకే గదిలో ఉన్నాం. అప్పటికి పాప నా కడుపులో ఉంది. బాబు ఎనిమిదిన్నరకల్లా పడుకున్నాడు. మేం ముగ్గురం లైటు తీసేసి, ఫోన్ వెలుగులో చల్లారిపోయిన పార్సిల్ భోజనం తిన్నాం. కవరు చప్పుడైతే చాలు, వాడు ఉలిక్కిపడేవాడు. పైగా మా గదికీ పక్క గదికీ మధ్య ఒక తలుపు ఉంది. తాళం వేసే ఉంది కానీ, అవతలి వాళ్ల టీవీ అర్ధరాత్రి దాకా మా మంచం పక్కనే మోగుతున్నట్టు ఉండేది. మర్నాడు చూడాల్సినవి చూడకుండా, ఏడ్చే పిల్లాడిని ఎత్తుకుని తిరగడమే సరిపోయింది.

ఈసారి ఇంకో చిక్కు. పాప ఇంట్లో చీర ఉయ్యాలలో తప్ప పడుకోదు. హోటల్ గదిలో కొక్కెం ఎక్కడుంటుంది? కిటికీ ఊచలకో, కర్టెన్ రాడ్‌కో కట్టేద్దాం అంటున్నారు మావారు. నాకు భయంగా ఉంది. ఇలా పిల్లలతో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి.

ఉప్పల్ నాన్న:

మా బావగారి కుటుంబం వచ్చినప్పుడు కొండాపూర్‌లో రోజు అద్దెకు ఇచ్చే రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ తీసుకున్నాం. వంటగది ఉండటం చాలా మేలు చేసింది. పాలు కాచుకోవచ్చు, పిల్లలకి పప్పన్నం వండుకోవచ్చు. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. మీరు చార్మినార్, జూపార్కు, సాలార్‌జంగ్ మ్యూజియం చూడాలనుకుంటే కొండాపూర్ నుంచి ఊరు దాటి రావాలి. సాయంత్రం ట్రాఫిక్‌లో గంటకు పైనే. ఆ గంటలో పిల్లలు కారులో నిద్రపోతారు, ఇంటికి చేరాక లేచి కూర్చుంటారు. మూడు రోజులకైతే మీరు చూసిన లకిడీకాపూలే నయం.

రిసెప్షన్ అక్క:

నేను ఈ ఊళ్లోనే ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీస్‌లో 12 ఏళ్లు పనిచేశాను, అందులో సగం నైట్ డ్యూటీలే. రాత్రి రెండింటికి చంటిబిడ్డను భుజాన వేసుకుని లాబీలో అటూ ఇటూ నడిచే తల్లులను ఎంతమందిని చూశానో. గదిలో మిగతావాళ్లు లేస్తారని కిందికి వచ్చేసేవారు. ఒకావిడకు కుర్చీ వేసి, లాబీలో సగం లైట్లు ఆర్పి, నేనూ పక్కన కూర్చున్నాను. అందుకే మీ ప్రశ్న చూడగానే రాస్తున్నాను.

ముందు ఉయ్యాల సంగతి. కర్టెన్ రాడ్‌కి కట్టొద్దు చెల్లీ, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆ రాడ్ రెండు చిన్న స్క్రూల మీద నిలబడి ఉంటుంది, గుడ్డ బరువు మోయడానికే. తడి చీర ఆరేస్తేనే ఊడి కిందపడిన గదులు నాకు తెలుసు. కిటికీ ఊచలకు కట్టినా బిడ్డ ఊగినప్పుడు గోడకు కొట్టుకుంటుంది. ఇంకా వ్యవధి ఉంది కాబట్టి ఇవాళ్టి నుంచే పాపను మధ్యాహ్నం నిద్రకు నేల మీద, పలచటి గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టడం అలవాటు చేయండి. తర్వాత రాత్రికి. ఆ పరుపే వెంట తెచ్చుకోండి, పాత దుప్పటితో సహా. ఇంటి వాసన ఉన్న బట్ట కింద ఉంటే కొత్త చోటైనా పిల్లలు తొందరగా కుదురుకుంటారు. హోటల్ మంచం మీద మాత్రం మధ్యలో పడుకోబెట్టకండి. ఆ పరుపులు మెత్తగా దిగిపోతాయి, దిండ్లు పెద్దవి, పెద్దవాళ్లు ఒళ్లు తెలియకుండా అలసి ఉంటారు. కొన్ని హోటళ్లలో అడిగితే చిన్న ఊచల మంచం ఇస్తారు. బుక్ చేసేటప్పుడే అడగాలి, ఉన్నవి ఒకటో రెండో ఉంటాయి.

ఇక గది. మామూలు గది 180, 200 చదరపు అడుగులు ఉంటుంది. డబుల్ మంచం వేసి, ఎక్స్‌ట్రా బెడ్ పరిచాక బాత్‌రూమ్‌కి వెళ్లే దారి కూడా మిగలదు. ముగ్గురు పెద్దలు, ఇద్దరు పిల్లలు అంటే చాలాచోట్ల రెండో గది తీసుకోమంటారు, లేదా పెద్ద ఫ్యామిలీ గది అంటగడతారు. ఆ పెద్ద గది ధరకు, అదే హోటల్‌లో అన్నింటికంటే తక్కువ రకం గదులు రెండు ఎంతకు వస్తాయో తప్పకుండా అడగండి. తేడా చాలాసార్లు మీరు అనుకున్నంత ఉండదు. మీరు చెప్పిన ఆ మధ్య తలుపు గదులను కనెక్టింగ్ రూమ్స్ అంటారు. రెండూ మీవే అయితే అంతకంటే మంచిది లేదు. ఒకటే మీదైతే మాత్రం అలాంటి గది వద్దని ముందే చెప్పండి.

ఒకటే గది అయితే? మధ్యలో గోడ లేదు కాబట్టి వేళనే రెండుగా పంచుకోవాలి. ఇద్దరు పిల్లలనూ ఒకే వేళకు పడుకోబెట్టాలని చూడొద్దు. మీరు పాపతో ఏడున్నరకు గదిలోకి వెళ్లి చీకటి చేయండి. బాబును నాన్నో నానమ్మో కింద లాబీలో, బయట వీధిలో ఓ ముప్పావు గంట తిప్పి, తిండి అక్కడే పెట్టించి తీసుకురావాలి. పాప గాఢ నిద్రలో ఉన్నప్పుడు బాబు వచ్చి పక్కలో దూరితే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు. బాబు పళ్లు తోముకోవడం, బట్టలు మార్చుకోవడం సాయంత్రమే అయిపోవాలి. రాత్రి బట్టలతోనే షికారుకు వెళ్లనివ్వండి, ఎవరూ ఏమీ అనుకోరు.

అప్పుడే ఒక తప్పు జరుగుతుంది. మీవారు బయటికి వెళ్తూ తలుపు దగ్గర పెట్టిన కీ కార్డ్ తీసుకుపోతారు. ఆ కార్డ్ అక్కడ ఉంటేనే గదికి కరెంటు, తీస్తే లైట్లతోపాటు ఏసీ కూడా ఆగిపోతుంది, పది నిమిషాల్లో పాప చెమటతో లేస్తుంది. చెక్ ఇన్ అప్పుడే రెండో కార్డ్ అడిగి తీసుకోండి.

రాత్రి వెలుతురు కోసం బాత్‌రూమ్ లైటు వేసి, తలుపు బెత్తెడు తెరిచి ఉంచండి. కొన్ని గదుల్లో ఆ స్విచ్‌కే ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా కలిపి ఉంటుంది. ఆ ఒకే రకం రొద మంచిదే, కారిడార్‌లో మాటలు దానిలో కలిసిపోతాయి. నాలుగేళ్ల బాబు లోపలికి వెళ్లి గడియ పెట్టుకునే ప్రమాదం ఉంది. వడ్రంగిని పిలిపించి తలుపు తీయించిన రాత్రులు నాకు గుర్తే. తువ్వాలు మడిచి తలుపు పైన వేలాడేయండి, తలుపు పూర్తిగా మూసుకోదు. గదిలోని కెటిల్‌లో పాప ఉగ్గుకు నీళ్లు కాచొద్దు. ముందు ఉన్నవాళ్లు అందులో ఏం ఉడికించారో మాకే తెలిసేది కాదు. రాత్రి పదిలోపు కిచెన్‌కి ఫోన్ చేసి మీ ఫ్లాస్కులో మరిగించిన నీళ్లు పోయించుకోండి.

ఆఖరుది, అన్నిటికంటే ముఖ్యం. ఫోన్ చేసి "ఆ తేదీల్లో మీ హాల్లో ఫంక్షన్ ఉందా?" అని అడగండి. ఉంటే హాలుకు దూరంగా, లిఫ్టుకు దూరంగా, రోడ్డు వైపు కాకుండా వెనక వైపు గది కావాలని చెప్పండి. కింద డీజే మోగుతుంటే పై అంతస్తులో మంచాలు కూడా అదురుతాయి.

దిల్‌సుఖ్‌నగర్ అమ్మమ్మ:

అమ్మా, అందరూ పిల్లల నిద్ర గురించి రాశారు. నేను మీ అత్తయ్యగారి తరఫున రాస్తున్నాను. నాకు 68 ఏళ్లు. మా అబ్బాయి, కోడలు, మనవలతో ఒకే గదిలో నాలుగు రాత్రులు ఉన్నాను. నాకు నాలుగున్నరకే మెలకువ వస్తుంది. లేచి స్నానం చేద్దామంటే గీజర్ చప్పుడు, బకెట్ చప్పుడు. దీపం పెట్టుకుందామంటే వెలుతురు. పసివాళ్లు లేస్తారని రెండు గంటలు చీకట్లో కదలకుండా పడుకున్నాను. నడుం పట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. అడిగితే నేను కూడా మీ అత్తయ్యగారిలాగే "ఒక గది చాలు" అనేదాన్ని. పెద్దవాళ్లం ఖర్చు గురించే మాట్లాడతాం, మా అవసరం పైకి చెప్పం.

ఇంకో మాట. రోజుకు ఒకటే చూడండి. జూపార్కు 380 ఎకరాలు, చిన్నకాళ్లతో అవదు. పొద్దున్నే వెళ్లి బ్యాటరీ బండి ఎక్కి, భోజనం వేళకు గదికి వచ్చేయండి. సోమవారం దానికి సెలవు, సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు. సాలార్‌జంగ్‌లో గంట కొట్టే బొమ్మ గడియారం మీ బాబుకి తప్పకుండా చూపించండి. పన్నెండుకు వెళ్తే ఎక్కువ దెబ్బలు వినొచ్చు, కానీ జనం కూడా అప్పుడే ఎక్కువ. గోల్కొండలో రాత్రి లైట్ షోకి ఈసారి వద్దు. అది మొదలయ్యేది మీ పిల్లలు నిద్రపోయే వేళకి.

గోదావరి అమ్మాయి:

అమ్మమ్మగారూ, మీ మాటలు చదివి చాలాసేపు ఊరుకుండిపోయాను. మా అత్తయ్యగారు కూడా నాలుగున్నరకే లేస్తారు. కిందటేడు ఆవిడ మంచం మీద కూర్చుని జపం చేసుకుంటున్నారనుకున్నాను. ఇవాళ వంటింట్లో నెమ్మదిగా అడిగితే, "లేస్తే బాబు లేస్తాడని కూర్చున్నానమ్మా" అన్నారు. అంతే, మావారు రెండు గదులకు ఫోన్ చేశారు. పక్కపక్కనే, వెనక వైపు, ఆ తేదీల్లో హాల్లో ఏమీ లేదన్నారు. అక్కా, మీరు చెప్పినట్టే అడిగాం. పెద్ద గది ఒకటి తీసుకుంటే అయ్యేదానికంటే రెండు చిన్న గదులకు రాత్రికి 700 రూపాయలే ఎక్కువ. బాబు నానమ్మ దగ్గర పడుకుంటాడు. పాపను నిన్నటి నుంచి కింద పడుకోబెడుతున్నాను. మొదటిరోజు నలభై నిమిషాలు ఏడ్చింది, ఇవాళ కాస్త తగ్గింది.

ఒక్కటే మిగిలింది. రైలు ఐదింటికి దింపుతుంది, చెక్ ఇన్ పన్నెండుకు. తిరుగు రైలు రాత్రికి. ఏం చేయాలి?

రిసెప్షన్ అక్క:

రైలు టైము హోటల్‌కి ఇప్పుడే చెప్పండి. గదులు ఖాళీగా ఉంటే ఆరింటికే ఇస్తారు, కొందరు సగం రోజు డబ్బు అడుగుతారు. ఒప్పుకున్నది ఫోన్‌లో మెసేజ్‌గా పెట్టమనండి, షిఫ్టు మారితే నోటిమాట మారిపోతుంది. రెండూ అడక్కండి, తెల్లవారుజామున ఒక గది చాలు. పిల్లలూ అత్తయ్యగారూ అందులో పడుకుంటారు, రెండోది పన్నెండుకు తీసుకోండి. స్టేషన్ దగ్గర 24 గంటల లెక్క ఉండే లాడ్జీలు ఉన్నాయి కానీ, ఆరింటికి దిగితే ఆఖరి రోజు ఆరింటికే ఖాళీ చేయాలి, అది మీకు కుదరదు.

వెళ్లే రోజు కూడా అంతే. పన్నెండుకు ఒక గది ఇచ్చేసి, రెండోది సాయంత్రం దాకా ఉంచుకోండి. పిల్లలు మధ్యాహ్నం పడుకుని లేచాక లుంబినీ పార్కుకు తీసుకెళ్లి, పడవలో బుద్ధుడి దాకా వెళ్లొచ్చి, అట్నుంచి అటే స్టేషన్‌కి బయల్దేరొచ్చు. సామాను మా లాంటి వాళ్లకు అప్పగించి వెళ్లండి, చూసుకుంటారు. పాప పరుపు మాత్రం అందులో కట్టేయకుండా పైన పెట్టుకోండి, రైల్లో మళ్లీ కావాలి.