ఆరాధన అంటే 40 నిమిషాల ట్రాక్ పాటలేనా? కీర్తనలకు ఇక చోటు లేదా?

పాత కీర్తనల పుస్తకం (గుంటూరు)
అందరికీ వందనాలు. మా గుళ్లో ఇప్పుడు ఆదివారం ఇలా నడుస్తోంది. మొదట 40 నిమిషాలు 'స్తుతి ఆరాధన'. లైట్లు తగ్గిస్తారు, ల్యాప్‌టాప్‌లోంచి ట్రాక్ (ముందే రికార్డు చేసిన వాయిద్య సంగీతం) వేస్తారు, నలుగురు కుర్రాళ్లు మైకులు పట్టుకుంటారు. పాడిన పల్లవే మళ్లీ మళ్లీ పాడతారు. ఆ తర్వాత పాపపు ఒప్పుకోలు, విశ్వాస ప్రమాణం గబగబా లాగించేస్తారు. పాత నిబంధన పాఠం చదవడం మానేశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ముసలివాళ్లు మాత్రం చంకలో పెట్టుకుని వస్తారు, తెరిచే అవసరం రాదు.

పురుషోత్తమ చౌదరి గారు 1833లో బాప్తిస్మం తీసుకున్నారు. అక్షరం రానివాళ్ల నోట కూడా నిలిచేలా వాక్యాన్ని కీర్తనల్లో పెట్టి ఇచ్చారు. ఆ పుస్తకంలో పాపం, సిలువ, పునరుత్థానం, ప్రభువు రెండో రాకడ అన్నీ వరసగా ఉన్నాయి. ఇప్పటి పాటల్లో నా కన్నీళ్లు, నా విజయం, నా శత్రువులు తప్ప ఏముంది? ఇది ఆరాధనా, కచేరీనా? సూటిగా చెప్పండి.

రిథమ్ ప్యాడ్ (ఒంగోలు దగ్గర)
అన్నా, మీది మా గుడి కాదు గానీ, అలా మైకుల దగ్గర నిలబడే కుర్రాళ్లలో నేనొకణ్ణి. శనివారం రాత్రి మేం ప్రాక్టీసుకు ముందు మోకాళ్లూనుతాం. కూలి పని చేసొచ్చి తబలా ముందు కూర్చునేవాడున్నాడు మాలో. దాన్ని కచేరీ అనేశారు మీరు. దేవుని మందసం ముందు దావీదు రాజు నాట్యమాడితే ఆయన భార్య మీకాలు కిటికీలోంచి చూసి హీనపరచింది. ఆమెకీ అది కచేరీలాగే కనబడింది. బైబిల్లో 150వ కీర్తనలో బూర, స్వరమండలం, సితారా, తంబుర, పిల్లనగ్రోవి, తాళాలు, నాట్యం కూడా ఉన్నాయి. ట్రాక్ సంగతంటారా, వాయించేవాడు దొరకని చిన్న సంఘానికి అదే దిక్కు.

వాయిద్యం లేని ఆరాధన
సహోదరులారా, మీరిద్దరూ అసలు ప్రశ్న వదిలేశారు. కొత్త నిబంధన సంఘం వాయిద్యాలతో ఆరాధించినట్టు ఒక్క వచనం చూపించండి. హిజ్కియా రాజు కాలంలో బూరలు మోగింది దహనబలి జరిగేటప్పుడు (2 దినవృత్తాంతములు 29). ఆ బలి సిలువ దగ్గర ముగిసింది. కడరాత్రి భోజనం తర్వాత ప్రభువు, శిష్యులు కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లారు. అక్కడ సితారా లేదు. పౌలు సీలలు చెరసాలలో నడిరేయి పాడారు, అక్కడా లేదు. మా సంఘంలో నోటితోనే పాడతాం.

రిథమ్ ప్యాడ్ (ఒంగోలు దగ్గర)
బ్రదర్, చెరసాలలో కాళ్లు బొండలో బిగించి ఉన్నాయి, సితారా ఎక్కణ్ణుంచి వస్తుంది? ప్రకటన గ్రంథంలో గొర్రెపిల్ల ముందు పెద్దల చేతుల్లో వీణలున్నాయి.

వాయిద్యం లేని ఆరాధన
ప్రకటన గ్రంథం పరలోక దర్శనం. అక్కడ ధూపపు పాత్రలు కూడా ఉన్నాయి, మీ గుళ్లో ధూపం వేస్తున్నారా? సంఘం, భూమ్మీద, వచనం.

దేవుని కృప
ప్రైజ్ ది లార్డ్. వాదనలతో ఎవరూ మారరు. పాడండి, ప్రభువు పని చేస్తాడు.

నెల్లూరు టీచరమ్మ
వాయిద్యాల మీద నాకు పట్టింపు లేదు. నా బాధ వేరు. మా ఆయన చనిపోయిన నెలలోనే, ఇంట్లో ఉండలేక ఆదివారం గుడికి వెళ్లాను. పాటలు నడిపించే తమ్ముడు మైకులో 'మొహాలు వేలాడేసుకోకండి, నవ్వుతూ చేతులెత్తండి, పక్కవాళ్లకి షేక్‌హ్యాండ్ ఇచ్చి సంతోషంగా ఉన్నానని చెప్పండి' అన్నాడు. చేతులెత్తలేదని వాళ్లలో ఒకమ్మాయి వచ్చి నా మోచెయ్యి పట్టుకుని పైకి లేపింది. నేను బయటికి వచ్చేశాను.

బైబిల్లో 88వ కీర్తన చదవండి. మొర పెట్టి పెట్టి చివరికి చీకటి దగ్గరే ఆగిపోతుంది. దానికింద ఒక్క హల్లెలూయ కూడా లేదు. అయినా దాన్ని దేవుని ముందు పాడమనే ఇచ్చారు. బబులోనులో చెరలో ఉన్నవాళ్లు సితారాలు చెట్లకు తగిలించి ఏడ్చారు, అదీ కీర్తనే. ఏడ్చేవాళ్లకి చోటు లేని 40 నిమిషాలను నేను స్తుతి అనలేను.

పాత కీర్తనల పుస్తకం (గుంటూరు)
అమ్మా, నేను చెప్పేదీ అదే. పాత కీర్తనల్లో శ్రమకాలానికి (ఈస్టరుకు ముందు రోజులకి) వేరే పాటలున్నాయి, మరణానికి వేరే ఉన్నాయి. ఈ ట్రాకుల్లో లేవు.

నెల్లూరు టీచరమ్మ
మీరు చెప్పేది అది కాదండీ. మీరు పుస్తకం గురించి మాట్లాడుతున్నారు. కీర్తనలే పాడిన రోజుల్లో కూడా మా పాస్టరుగారు ఏడవనిచ్చింది లేదు.

డాలస్ నుంచి
ఇక్కడ మా తెలుగు సంఘంలో పిల్లలకు తెలుగు చదవడం రాదు. తెరమీద ఇంగ్లీషు అక్షరాల్లో వేస్తేనే నోరు కదుపుతారు. రాగం పోయినా సరే, నోట తెలుగు మాట నిలిస్తే చాలని మా ఆశ.

బల్ల ఆరాధన (హైదరాబాద్)
సువార్తికుడు భక్తసింగ్ గారి సహవాసాల్లో (ఆయన మొదలుపెట్టిన సంఘాల్లో) పెరిగినవాణ్ణి. చాపల మీద కూర్చుంటాం, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పెట్టేది) ముందు ఉంటుంది. ఒకరు లేచి ప్రభువు చేసినదానికి కృతజ్ఞత చెబుతారు, కాసేపటికి ఇంకొకరు సీయోను గీతములు అనే పాటల పుస్తకంలోంచి పాట ఎత్తుకుంటారు. మధ్యలో మౌనం ఉంటుంది, దానికి ఎవరూ కంగారుపడరు. మీ దగ్గర కీబోర్డు ఆగితే జనానికి ఏం చెయ్యాలో తెలియడం లేదు. హెబ్రీయులకు రాసిన పత్రిక 13లో స్తుతియాగం చెప్పిన వెంటనే ఉపకారం, ధర్మం చెప్పారు. రెండోదాని మీద ఈ చర్చలో ఒక్క మాటా లేదు.

పాత కీర్తనల పుస్తకం (గుంటూరు)
సరే, నా కడుపులో ఉన్నది చెబుతాను. మా అమ్మ బడికి వెళ్లలేదు. నూరు కీర్తనల పైనే కంఠతా వచ్చు. పోయేముందు ఒక కీర్తన పేరు చెప్పి, భూస్థాపనలో అది పాడించమంది. మా క్వయర్ కుర్రాళ్లలో ఒక్కరికీ రాలేదు. 'అంకుల్, యూట్యూబ్‌లో పెట్టేస్తాం' అన్నారు. ఫోను స్పీకరు మైకు దగ్గర పెట్టి మా అమ్మను మట్టిలో దించాం. ఆ గుడి కట్టినప్పుడు ఇటుకలు మోసింది ఆమె. ఇప్పుడు చెప్పండి, ఎవరిది ఆ గుడి?

రిథమ్ ప్యాడ్ (ఒంగోలు దగ్గర)
అన్నా, ఆ రోజు అలా జరగకూడదు. మా దగ్గరైతే నేర్చుకుని పాడేవాళ్లం.

కానీ ఎవరిది గుడి అని అడిగారు కాబట్టి నేనూ అడుగుతా. మా తాత డప్పు వాయిస్తే ఊరు కదిలేది. క్రిస్మస్‌కి గుళ్లో వాయిస్తానని అడిగితే పెద్దలు 'అది చావు వాయిద్యం, గుమ్మం బయట పెట్టు' అన్నారు. హార్మోనియం లోపలికి వచ్చింది, వయొలిన్ వచ్చింది, ఇప్పుడు లక్షలు పోసి డ్రమ్‌కిట్టూ వచ్చింది. అదీ డోలే కదా. డప్పు ఒక్కటే ఎందుకు రాలేదు? పురుషోత్తమ చౌదరి గారు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు, ఆయనకు తెలిసిన రాగాల్లో రాశారు, మంచిదే. మాకు తెలిసిన దరువు ఆరాధన కాకుండా పోయింది ఎవరి లెక్కలో?

పాత కీర్తనల పుస్తకం (గుంటూరు)
తమ్ముడూ, ఒంగోలు దగ్గరవాడివి, నీకు తెలియనిదా? మన వైపు తొలి విశ్వాసుల్లో ఒకరైన యర్రగుంట్ల పేరయ్య గారి కాలంలో విశ్వాసులు జాతరల్లో డప్పు కొట్టం అన్నందుకే ఊళ్లో దెబ్బలు తిన్నారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి బాప్తిస్మం తీసుకున్నారంటే, దాని వెనక ఆ తెగింపు ఉంది. డప్పును పెద్దకులం వాళ్లు తీసేయలేదు, మన తాతలే కింద పెట్టారు. మా ముత్తాతా వాళ్లలో ఒకడు. వాళ్లు దెబ్బలు తిని వదిలినదాన్ని ట్యూనుకి బాగుంటుందని తెస్తావా?

రిథమ్ ప్యాడ్ (ఒంగోలు దగ్గర)
అయితే మీదీ మాదీ ఒకే దళిత పల్లె చరిత్ర. అది ముందే చెప్పాల్సింది.

వాళ్లు వద్దన్నది వెట్టిని అన్నా. పిలిస్తే పరిగెత్తాలి, కొట్టమంటే కొట్టాలి, ఆ బతుకుని వద్దన్నారు. మా తాత తనంతట తాను, యేసు కోసం వాయిస్తానన్నాడు. ఆయన్ని ఆపింది మునసబు కాదు, మన సంఘపెద్దలే. ఊరు ఏం అంటుందోనని సిగ్గుపడ్డారు.

వాయిద్యం లేని ఆరాధన
ఇంతవరకు వచనం ఎవరూ ఇవ్వలేదు.

నెల్లూరు టీచరమ్మ
అయ్యా, కాసేపు ఆగండి. వాళ్లు మాట్లాడుకోనివ్వండి.

పాత కీర్తనల పుస్తకం (గుంటూరు)
సిగ్గు అన్నావు చూడు, ఆ మాట దగ్గర ఆగిపోయాను. మా నాన్న జీవితాంతం ఆ సిగ్గుతోనే కీర్తన రాగాలు నేర్చుకున్నాడు, బాగా పాడాడు కూడా. దాన్ని నేను తక్కువ చేయను, నువ్వూ చేయొద్దు. ట్రాక్ విషయంలో నా మాట అదే. డప్పు గురించి మా కమిటీలో అడుగుతాను. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకి ఊరేగింపు ఉంటుంది, అక్కడైతే ఒప్పుకోవచ్చు.

రిథమ్ ప్యాడ్ (ఒంగోలు దగ్గర)
ఊరేగింపులో ఎప్పుడూ వద్దనలేదన్నా, అది బయటే కదా. సంస్కారం (ప్రభువు భోజనం) ఇచ్చే ఆదివారం, గుడి లోపల, బల్ల ముందు, మీ అమ్మగారు అడిగిన కీర్తనకే దరువు వేస్తాను. కీర్తన మీరు నేర్పండి. మీ కమిటీ దీనికి ఏమంటుందో అడిగి ఇక్కడే రాయండి.