ఐఎఫ్‌ఎస్ థెరపీ తెలుగులో చేసేవాళ్లు నెల్లూరు, ఒంగోలు వైపు ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది కావలి. ఇంటర్నల్ ఫ్యామిలీ సిస్టమ్స్ (ఐఎఫ్‌ఎస్) థెరపీ అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా చెప్తారని అడుగుతున్నా. 1980ల్లో అమెరికాలో రిచర్డ్ ష్వార్ట్జ్ అనే థెరపిస్ట్ మొదలుపెట్టిన మానసిక చికిత్స పద్ధతి ఇది. మన లోపల చాలా భాగాలు ఉంటాయంటారు: పాత గాయాన్ని మోసే చిన్నపిల్లల్లాంటివి కొన్ని, అది బయటపడకుండా అన్నీ అదుపులో పెట్టేవి కొన్ని, బాధ పైకి తేలగానే తిండితోనో ఫోన్‌తోనో ఆర్పేయాలని చూసేవి కొన్ని. ఏదీ చెడ్డది కాదంట. నాకు నచ్చింది అదే.

మా నాయనకు కోపమొస్తే ఇల్లంతా వణికేది. ఇప్పుడు మా ఆయన ఫోన్‌లో ఎవరితోనో గట్టిగా మాట్లాడినా నాకు నోరు పెగలదు. తర్వాత అర్ధరాత్రి దాకా ఇల్లు సర్దుతూనే ఉంటా. (కోడలు పనిమంతురాలని మా అత్తమ్మ మురిసిపోతుంది!) ఆ సర్దే భాగంతో కూర్చుని మాట్లాడితే కాస్త నెమ్మదించింది. కానీ దాని వెనకున్న చిన్నపిల్ల దగ్గరకు పోబోతే ఊపిరాడదు, చేతులు చల్లబడతాయి. కాపలా భాగాలు ఒప్పుకోకుండా లోపలికి పోకూడదని చదివి ఆపేశా.

ఈ మెట్టు థెరపిస్ట్ లేకుండా ఎవరైనా దాటారా, లేక ఆగడమే మేలా? ఆన్‌లైన్‌లో అయినా సరే, తెలుగులో చేసేవాళ్లుంటే చెప్పండి. ఇంగ్లీషులో నాకు ఏడుపు కూడా రాదు. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్ట్ అయితే మంచిది, ఏదో సర్టిఫికెట్ చూపించి హీలర్ అని బోర్డు పెట్టినవాళ్లు వద్దు. ఫీజు ఎంతో కూడా రాయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేశా, తెలుగులోనే ఓపిగ్గా విన్నారు. కానీ నాకు కావాల్సింది వారం వారం ఎదురుగా కూర్చునే మనిషి. నెల్లూరైనా ఒంగోలైనా రైల్లో పోయొస్తాను.