టాప్‌వాటర్ (నీటి మీద తేలే ఎర) మీదికి బాస్ చేప ఎగబడుతోంది, గాలానికి మాత్రం పడట్లేదు – కొత్తవాణ్ణి, సలహా ఇవ్వండి

కొత్తగాలం, డాలస్

అందరికీ నమస్కారం. టెక్సస్ వచ్చి రెండు నెలలైంది. పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ ఒక స్పిన్నింగ్ రాడ్, డబ్బా నిండా లూర్లు (కృత్రిమ ఎరలు) నా చేతిలో పెట్టి వెళ్ళాడు. అందులో నోరు గుంటగా ఉన్న పాపర్ ఒకటి నాకు బాగా నచ్చింది. లాగితే నీటి మీద బుడుంగుమంటుంది.

మూడు శనివారాలుగా తెల్లవారకముందే లేక్ దగ్గరికి వెళ్తున్నాను. మొదటివారం ఏమీ లేదు. తర్వాత రెండు వారాల్లో ఏడుసార్లు బాస్ వచ్చి పాపర్ మీద విరుచుకుపడింది. ఏడుసార్లూ లాగాను. ఏడుసార్లూ పాపర్ గాల్లో ఎగిరి నా వైపే వచ్చింది, ఒకసారి టోపీకి తగిలింది. చేప ఒక్కటీ లేదు. అసలు ఎప్పుడు లాగాలి? ఇదొక్కటి చెప్పండి చాలు.

పాతకాపు, ఫ్రిస్కో

తమ్ముడూ, స్వాగతం. లాగడం సంగతి తర్వాత, ముందు లైసెన్స్ ఉందా? 17 ఏళ్ళు నిండినవాళ్ళు ఇక్కడ లైసెన్స్ లేకుండా గాలం వేయకూడదు. నువ్వొచ్చి రెండు నెలలే అంటున్నావు కాబట్టి రెసిడెంట్ లైసెన్స్ రాదు. వరసగా ఆరు నెలలు టెక్సస్‌లో ఉంటేనే రెసిడెంట్. మంచినీటి ప్యాకేజీ రెసిడెంట్లకు 30 డాలర్లు, నీకు 58. ఇంకోటి, మామూలు ఏడాది లైసెన్స్ అంటే కొన్న రోజు నుంచి ఏడాది అనుకోకు. ఎప్పుడు కొన్నా ఆగస్టు 31కి చెల్లిపోతుంది. నేను మొదటి ఏడాది జులై చివర్లో కొన్నాను. నెల తిరిగేసరికి లైసెన్స్ లేదు, చెరువులో చేపా లేదు.

వార్డెన్, అంటే లైసెన్సులు చూసే అధికారి, ఎప్పుడొస్తాడో తెలియదు. చెట్టు వెనకనుంచి వస్తాడు. చాలా మర్యాదగా మాట్లాడతాడు. టికెట్ కూడా అంతే మర్యాదగా రాస్తాడు.

తెల్లారుజాము, డెంటన్

పాతకాపు గారూ, అతన్ని భయపెట్టకండి. స్టేట్ పార్క్ లోపల గట్టు మీదినుంచి పడితే లైసెన్స్ అక్కర్లేదు, పార్క్ ఎంట్రీ ఫీజు కడితే చాలు. సీడార్ హిల్ స్టేట్ పార్క్, అదే జో పూల్ లేక్, డాలస్‌కు దగ్గరే. రే రాబర్ట్స్ లేక్ పార్క్ కూడా ఉంది. ఉంచుకునే చేపల సైజు, సంఖ్య లెక్కలు మాత్రం అక్కడా వర్తిస్తాయి. పైగా జూన్ మొదటి శనివారం రాష్ట్రమంతా ఫ్రీ ఫిషింగ్ డే, ఎక్కడైనా లైసెన్స్ లేకుండా పట్టుకోవచ్చు. ఇంకో వారమే ఉంది.

పాతకాపు, ఫ్రిస్కో

భయపెట్టడం కాదు, అనుభవం. ఫ్రీ రోజున వెళ్ళి చూడండి, గట్టు మీద కాలు పెట్టే చోటుండదు. టాప్‌వాటర్‌కు కావాల్సింది నిశ్శబ్దం.

చెరువుగట్టు, ఇర్వింగ్

కొత్తగాలం గారూ, మీరు ఎక్కడ పడుతున్నారో రాయలేదు. అపార్ట్‌మెంట్ చెరువులో అయితే మాత్రం దయచేసి నా కథ చదవండి.

మా పాత కాంప్లెక్స్ మధ్యలో ఫౌంటెన్ ఉన్న చిన్న చెరువుండేది. పొద్దున బాల్కనీలో నిలబడితే బాస్ ఎగరడం కనిపించేది. లీజు మీద సంతకం పెట్టే రోజునే ఆఫీసులో అమ్మాయిని అడిగాను, ఫిషింగ్ చేసుకోవచ్చా అని. నవ్వుతూ "ష్యూర్" అంది. ఆ ఒక్క మాట పట్టుకుని మూడు నెలలు ఆఫీసుకు ముందు రోజూ అరగంట గాలం వేశాను. ఎవరూ ఏమీ అనలేదు. నాలుగో నెలలో తలుపుకు కాగితం అంటించి ఉంది. లీజు ఉల్లంఘన, 75 డాలర్లు కట్టాలి.

కిందికి పరిగెత్తాను. ఆ అమ్మాయి ఉద్యోగం మానేసి వెళ్ళిపోయిందట. కొత్త మేనేజర్ లీజు తెరిచి ఒక పేజీ చూపించింది. "వాటర్ ఫీచర్"లో ఈత, పడవ, చేపలు పట్టడం నిషిద్ధం. దాన్ని చెరువు అని కూడా రాయలేదు, వాటర్ ఫీచర్ అట! 75 కట్టాను. అక్కడితో అయిపోయిందనుకున్నా. ఇల్లు ఖాళీ చేసినప్పుడు డిపాజిట్‌లో ఇంకో 210 కోశారు, ఫౌంటెన్ రిపేరు అని. నాకేం సంబంధం అని వరసగా నాలుగు ఈమెయిళ్ళు పెట్టాను. జవాబుగా ఒక ఫోటో వచ్చింది. ఫౌంటెన్ గొట్టానికి ఎర్ర తల, తెల్ల ఒళ్ళు పాపర్ వేలాడుతోంది. అది నాదే. ఎప్పుడు తెగిపోయిందో కూడా నాకు గుర్తే.

చివరికి బేరమాడి సగం వెనక్కి తెచ్చుకున్నాను. నోటిమాటను నమ్మొద్దు. "ఫిషింగ్ చేసుకోవచ్చు" అని ఈమెయిల్‌లో రాయించుకోండి. లైసెన్స్ వేరు, యజమాని అనుమతి వేరు.

మౌనవ్రతం, టైలర్

చెరువుగట్టు గారూ, పాపం మీ డిపాజిట్. కానీ ఆ అబ్బాయి అడిగింది ఎప్పుడు లాగాలని కదా.

తమ్ముడూ, చప్పుడుకు లాగకు, బరువుకు లాగు. నీ జబ్బు ఇదొక్కటే. ఏడుసార్లు వచ్చిందంటే చోటు, వేళ, ఎర అన్నీ సరిపోయినట్టే.

బాస్ కొరికి పట్టుకునే చేప కాదు. నోరు, మొప్పలు ఒక్కసారిగా తెరిచి నీళ్ళతో కలిపి ఎరను లోపలికి పీల్చుకుంటుంది. నువ్వు వినే ఆ "గుబుక్" అదే. నీటి మీద తేలే వస్తువును పీల్చడం దానికీ అంత తేలిక కాదు, ఒక్కోసారి మొదటి ఊపుకు నోట్లోకి రాదు. ఈలోపు నువ్వు నీళ్ళు చిందడం చూసి జాడిస్తావు. ఎర ఇంకా దాని పెదవుల దగ్గరే ఉంటుంది, గుచ్చుకునేందుకు ఏముంటుంది?

కాబట్టి చప్పుడైనా ఏమీ కానట్టే నీ పని చేసుకుపో. లైన్ బిగిసి రాడ్ కొస వంగి, చేతికి బరువు తెలిశాక రాడ్‌ను పక్కకు ఊడ్చినట్టు లాగు, రీల్ తిప్పడం ఆపకు. పాపర్‌కుండే ట్రెబుల్ హుక్‌లు (మూడు ముళ్ళ గాలాలు) సన్నగా, పదునుగా ఉంటాయి, బలం అక్కర్లేదు. రాడ్ తల మీదికి ఎత్తి జాడిస్తే ఎర టోపీకే వస్తుంది, నీకు ఇప్పటికే తెలిసింది.

చెప్పడం తేలికే, చెయ్యి వినదు. నేను మొదటి ఏడాది ఏం చేసేదాన్నంటే, ఎర వేశాక అటు చూసేదాన్నే కాదు, ఒడ్డునున్న చెట్టును చూసేదాన్ని. కంటికి కనిపించకపోతే చెయ్యి తొందరపడదు. మా ఆయన పిచ్చిదాన్ని చూసినట్టు చూసేవాడు. ఆ వేసవిలో ఆయనకంటే నాకే ఎక్కువ పడ్డాయి.

ఒకవేళ తప్పిపోతే కంగారుగా ఎరను వెనక్కి లాక్కోకు. ఉన్నచోటే వదిలేసి రెండు క్షణాలాగి, చిన్నగా ఒక్కసారి కదిలించు. చాలాసార్లు మళ్ళీ వస్తుంది. రాకపోతే, బరువు కట్టని మెత్తటి ప్లాస్టిక్ వానపామును ఇంకో రాడ్ మీద సిద్ధంగా పెట్టుకుని అదే చోటికి వెయ్యి. అది నెమ్మదిగా దిగుతుంటే తీసుకుంటుంది.

పాపర్ ఆడించడం: వేశాక నీటి మీద వలయాలు మాయమయ్యేదాకా ముట్టుకోకు. రాడ్ కొస కిందికి, లైన్ కాస్త వదులుగా. మణికట్టుతో చిన్న కుదుపు, ఇంకో కుదుపు, ఆపు. ఆపినప్పుడే ఎక్కువగా కొడుతుంది. కొత్తవాళ్ళంతా ఆపకుండా బుడుంగు బుడుంగుమని ఒడ్డుదాకా లాక్కొచ్చేస్తారు. గాలి లేచి అలలు పెరిగితే పాపర్ చప్పుడు వాటిలో కలిసిపోతుంది, అప్పుడు బజ్‌బైట్ లాంటి రొద చేసేది కట్టు. ఎండ పైకెక్కితే నీడ వెతుక్కో, డాక్ కిందో, ఒడ్డున వంగిన చెట్టు కిందో.

నీ డబ్బాలో మెత్తటి బోలు కప్ప లూర్ ఉంటే దాని సంగతి వేరే. దాని హుక్‌లు లావు, ఒంటికి ఆనుకుని ఉంటాయి. బరువు తెలిశాక రాడ్ కొస దించి, వదులు లైన్ చుట్టేసి, అప్పుడు గట్టిగా ఎత్తాలి. ఆ స్పిన్నింగ్ రాడ్‌తో దాని జోలికి పోకు. నాచులోంచి చేపను ఈడ్చాలంటే మందపాటి రాడ్ కావాలి.

బ్రెయిడ్‌భక్తుడు, హ్యూస్టన్

అక్క చెప్పింది బాగానే ఉంది కానీ అసలు సంగతి లైన్. రీల్ మీద మోనో (ఒకే పోగు నైలాన్ దారం) ఉంటే తీసిపారెయ్. బ్రెయిడ్ (అల్లిన దారం) సాగదు. దూరంగా ఉన్న చేపకు కూడా హుక్ దిగుతుంది. సన్నగా ఉంటుంది కాబట్టి ఎర దూరం వెళ్తుంది. అన్నిటికంటే ముఖ్యం, తేలుతుంది.

పాతకాపు, ఫ్రిస్కో

మోనో తేలదా ఏంటి? ముందే తొందరపడి లాగే అబ్బాయికి అసలు సాగని లైన్ ఇస్తే ఏమవుతుంది? ఇప్పుడు టోపీకి తగిలింది, రేపు ముక్కుకు తగులుతుంది. మోనో సాగడమే అతనికి రక్ష. పైగా బ్రెయిడ్ మెత్తగా ఉండి ఎర ఆగినప్పుడల్లా ముందు ట్రెబుల్‌కు చుట్టుకుంటుంది.

బ్రెయిడ్‌భక్తుడు, హ్యూస్టన్

అందుకే కొసన రెండడుగుల మోనో కట్టుకోవాలి. ఇది తెలియకుండా ఇన్నేళ్ళు ఎలా పట్టారు సార్? లేక్ ఫోర్క్‌లో మీ మోనో తెగి పోయిన చేప సంగతి ఈ లిస్టులో ఎవరూ మర్చిపోలేదు.

పాతకాపు, ఫ్రిస్కో

అది మోనో తెగడం కాదు, ముడి జారడం. నీళ్ళలో మునిగిన మొద్దుల మధ్య చేప పోవడం ఎవరికైనా జరుగుతుంది.

మౌనవ్రతం, టైలర్

ఇద్దరూ ఒప్పుకునేది ఒకటి చెప్తాను: ఫ్లోరోకార్బన్ మాత్రం వద్దు. అది మునిగే లైన్, పాపర్ మూతిని కిందికి లాగేస్తుంది. తమ్ముడూ, రీల్ మీద ఏది ఉందో చూసుకో, మిగతా రెండిట్లో ఏదైనా పడుతుంది.

తెల్లారుజాము, డెంటన్

ఫోర్క్ మాట వచ్చింది కాబట్టి. కొత్తవాళ్ళంతా ముందు అక్కడికే పరిగెత్తుతారు. టెక్సస్ రికార్డు బాస్, 18.18 పౌండ్లది, 1992 జనవరిలో అక్కడే పడింది. అది లూర్ మీద పడలేదని గుర్తుంచుకోండి. క్రాపీ అనే చేప కోసం బతికున్న చిన్న చేపను గుచ్చి కూర్చున్నాయనకు పడింది. ఇంకోటి, రాష్ట్రమంతటా సాధారణ లెక్క 14 అంగుళాల కనీస సైజు, రోజుకు 5. ఫోర్క్‌లో అలా కాదు. 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్నది ఏదైనా వదిలేయాలి, 24 దాటినది ఒక్కటే ఉంచుకోవచ్చు. కొలబద్ద లేకుండా వెళ్ళకండి.

చెరువుగట్టు, ఇర్వింగ్

ఉంచుకోవడం ఎందుకండీ అసలు? బాస్‌ను ఎవరైనా వండుకుంటారా? వదిలేస్తే ఇంకొకరికి పడుతుంది.

పాతకాపు, ఫ్రిస్కో

ఎందుకు వండుకోకూడదు? లెక్కలో ఉన్నది ఉంచుకోమని రాష్ట్రమే చెప్తోంది. చిన్నవి ఒకటో రెండో తెచ్చుకుంటే చెరువుకొచ్చే నష్టం లేదు.

మౌనవ్రతం, టైలర్

తెచ్చుకునేవాళ్ళు ఆ లేక్ చేపలు తినడంపై హెచ్చరిక ఉందేమో చూసుకోండి. కాడో లేక్‌లో బాస్‌కు మెర్క్యురీ హెచ్చరిక ఉంది. వదిలేసేవాళ్ళు చేతులు తడిపి పట్టుకోండి. పెద్ద చేపనైతే ఒక్క దవడ పట్టుకుని అడ్డంగా వేలాడదీయకండి, ఇంకో చెయ్యి పొట్ట కింద ఉండాలి.

బ్రెయిడ్‌భక్తుడు, హ్యూస్టన్

ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నా. పాపర్‌కు రెండు ట్రెబుల్స్, అంటే ఆరు ముళ్ళు. నోట్లో ఒకటి ఉంటే రెండోది బయట ఊగుతుంటుంది. చేప ఒక్కసారి కొట్టుకుందంటే అది నీ బొటనవేల్లోకే. నాకు దిగింది. చేప ఒక వైపు, నేను ఒక వైపు, ఒకే ఎరకు ఇద్దరం. అర్జెంట్ కేర్‌కు వెళ్ళేదాకా ఎడమ చేత్తోనే కారు నడిపాను. పొడుగు ముక్కు ప్లయర్స్ కొనుక్కో. దాంతోనే హుక్‌ల ఎదురు ముల్లు (కొస దగ్గర వెనక్కి తిరిగిన చిన్న ముల్లు) నొక్కేసెయ్, దిగినా తేలిగ్గా వస్తుంది. చీకట్లో కూడా కళ్ళద్దాలు తియ్యకు.

కొత్తగాలం, డాలస్

అందరికీ థాంక్స్. నాన్ రెసిడెంట్ లైసెన్స్ కొన్నాను. అపార్ట్‌మెంట్ చెరువు కాదు, జో పూల్ గట్టు. లైన్ మోనోనే అని తేలింది, బ్రెయిడ్‌భక్తుడు గారు క్షమించాలి.

మౌనవ్రతం అక్కా, నిన్న పొద్దున మీరు చెప్పినట్టే వేసి ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం చూస్తూ కూర్చున్నాను. మొదటిసారి గుబుక్‌మన్నప్పుడు చెయ్యి ఆగలేదు, అలవాటు కొద్దీ లాగేశాను. రెండోసారి ఆగాను. రాడ్ వంగింది. ఊడ్చినట్టు లాగాను. 13 అంగుళాలు. ఒక్క అంగుళం తక్కువ, వదిలేశాను. అది మళ్ళీ నీళ్ళలోకి వెళ్తుంటే నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఒక్క చిన్న సమస్య. ఫోటో తీసుకునే కంగారులో వెనక ట్రెబుల్ మూడు ముళ్ళూ చొక్కా చేతికి దిగాయి. ముల్లు నొక్కడం మర్చిపోయాను. ఎలా తీయాలి? చొక్కా కొత్తది.

బ్రెయిడ్‌భక్తుడు, హ్యూస్టన్

చర్మానికి తగల్లేదు కదా? అయితే కత్తెర తీసుకో. చొక్కా మీద ఆశ వదులుకో.

పాతకాపు, ఫ్రిస్కో

కత్తెర వద్దు. ముల్లు కొసను బట్టలోంచి బయటికి తోసి, ప్లయర్స్‌తో ఎదురు ముల్లు నొక్కి వెనక్కి తియ్యి. చొక్కా దక్కుతుంది.