సమస్య: పేలెను ఫిరంగి యంతలోఁ బ్రేమ విరిసె

డబ్లిన్ వాన:

మన పద్యాల గుంపులో ఈ వారం సమస్య ఇచ్చే వంతు నాది. తేటగీతి పాదం ఇస్తున్నాను, దీన్ని ఆఖరి పాదంగా పెట్టి ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

పేలెను ఫిరంగి యంతలోఁ బ్రేమ విరిసె

ఇది ఊహించి రాసింది కాదు. పెళ్ళయి పద్నాలుగు నెలలైంది. వీసా, ఉద్యోగం, అద్దె ఇల్లు, ఇవన్నీ ఓ కొలిక్కి వచ్చాక మేమిద్దరం కలిసి వెళ్ళిన మొదటి సెలవు ఇదే. సెప్టెంబరులో నీస్ వెళ్ళాం. ఫ్రాన్సుకి దక్షిణాన మధ్యధరా సముద్రం ఒడ్డునున్న ఊరు. సముద్రం అంటే ఇసుక ఉంటుందని మా ఆవిడ పల్చటి చెప్పులు తెచ్చుకుంది. అక్కడ ఒడ్డంతా గులకరాళ్ళే. రాళ్ళ బీచి అని ముందే ఎందుకు చెప్పలేదని మొదలై, చివరికి మా అమ్మ దాకా వెళ్ళింది గొడవ. ప్రొమెనాడ్ (సముద్రం వెంట నడిచే బాట) మీద వరసగా నీలి కుర్చీలుంటాయి. చెరో కుర్చీలో కూర్చుని చెరో వైపు చూస్తున్నాం. సరిగ్గా పన్నెండింటికి కొండ మీద ఢామ్మని పేలింది. ఆవిడ ఉలిక్కిపడి నా చేయి పట్టుకుంది. అంతే, గొడవ మాయం.

తర్వాత తెలిసింది, అది ఆ ఊళ్ళో రోజూ జరిగేదేనట. 1860ల్లో సర్ థామస్ కోవెంట్రీ అనే స్కాట్లాండు దొర చలికాలం అక్కడ గడిపేవాడు. భార్య షికారుకెళ్ళి కబుర్లలో పడి భోజనం వేళ మరిచిపోతోందని, పన్నెండింటికి ఫిరంగి పేల్చే ఏర్పాటు చేయించాడని చెప్పుకుంటారు. ఆయన వెళ్ళిపోయాక ఊరివాళ్ళే ఆ అలవాటు కొనసాగించారు. ఇప్పుడు నిజం ఫిరంగి కాదు, బాణాసంచా గుండు. కానీ గుండె ఆగేంత మోత.

పూరణ నీస్‌లోనే జరగాలి. అదొక్కటే నియమం.

కొత్తకలం:

ప్రేమ బ్రేమ ఎందుకయిందండీ? అచ్చుతప్పా?

గోదారిగట్టు:

తప్పు కాదు నాయనా. అంతలోన్ + ప్రేమ. ద్రుతం, అంటే చివరి న్, మీద పరుషం (క చ ట త ప) సరళం (గ జ డ ద బ) అయి, అంతలోఁ బ్రేమ. గణాలు (పాదంలో అక్షరాల గుంపులు) కూడా చూసుకో: పేలె, నుఫిరంగి, యంతలోఁ, బ్రేమ, విరిసె. వాటి పేర్లు వరసగా గల, సల, ర, గల, న. యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొత్తు, పే–బ్రే.

పాదం బాగుంది. కానీ అందరికీ ముందే చెబుతున్నా, ఇందులో ముడి ఫిరంగిలోనూ లేదు, ప్రేమలోనూ లేదు. ‘అంతలో’ అన్న మాటలో ఉంది. పేలడానికీ విరియడానికీ మధ్య రెప్పపాటే వ్యవధి. ఆ రెప్పపాటులో ఏం జరిగిందో చెప్పినవాడిదే పూరణ. ఇదిగో నాది.

పూల యంగడిఁ దిరుగుచుఁ బ్రొద్దు మరచె
నింతి; యాఁకటి మగఁ డట నెదురు చూచె;
గంట పండ్రెండు కొట్టెను, గట్టుమీద
పేలెను ఫిరంగి, యంతలోఁ బ్రేమ విరిసె.

కందిపొడి:

మాస్టారూ, నడక హాయిగా ఉంది. ‘మరచె నింతి’ అని వాక్యం పాదం దాటి వచ్చి రెండో పాదంలో వాలడం నాకు చాలా నచ్చింది. పూల అంగడి కూడా సరైన చోటే పెట్టారు. పాత ఊళ్ళో కూర్ సలేయా అనే పొడుగాటి వీధిలో రోజూ పూల సంత. సోమవారం మాత్రం పూలుండవు, పాత సామాన్లమ్ముతారు. నేను మార్సేలో ఉంటాను, ఆ వీధికి నాలుగుసార్లు వెళ్ళాను. నాలుగుసార్లూ పొద్దు మరిచిపోయాను.

కానీ ఒక సందేహం. ప్రేమ ఎవరికి విరిసింది? పద్యంలో మగడికున్నది ఆకలి. భార్య ఇంటికొస్తే వడ్డన జరుగుతుంది. దాన్ని ప్రేమ అనడం మీ తరం వాళ్ళకే చెల్లింది.

గోదారిగట్టు:

అమ్మా, మా ఆవిడ వెనక నుంచి చదివి నవ్వుతోంది. ఒప్పుకున్నాను. ‘అంతలో’ అని మీకు పాఠం చెప్పి నేనే దాన్ని ఊరికే వదిలేశాను.

పాతనాణెం:

ఇంతకీ ఫిరంగి అన్న మాట ఎక్కడిదో ఎవరైనా ఆలోచించారా? ఫ్రాంకులు అన్న జాతి పేరు పారశీకంలో ఫరంగీ అయి, మనకు పరంగి, ఫిరంగి అయింది. ముందు ఐరోపావాళ్ళ పేరు, తర్వాత వాళ్ళు తెచ్చిన ఆయుధం పేరు. ఫ్రాన్సు అన్న పేరుకీ ఆ ఫ్రాంకులే మూలం. అంటే నీస్‌లో ఫిరంగి పేలడమంటే మాట పుట్టింటికి వెళ్ళినట్టే. కాకపోతే ఆ ఊరు ఫ్రాన్సులో స్థిరంగా కలిసింది 1860లోనే. అంతకుముందు ఎక్కువ కాలం సవాయ్ అనే రాజవంశం ఏలుబడి. ఇటలీని ఏకం చేసిన గరిబాల్డీ 1807లో పుట్టింది అక్కడే.

గుండు పేలే కొండని కోటకొండ అంటారు, ఎక్కి చూస్తే కోట ఉండదు. 1706లో పద్నాలుగో లూయీ కూల్పించాడు. 1543లో ఫ్రాన్సు రాజూ తురుష్కుల నౌకాదళమూ ఏకమై ఆ ఊరిని ముట్టడించినప్పుడు నిజం గుండ్లే పడ్డాయి. అందుకని:

కోట కూల్చిరి, కొండపైఁ గోప మేది?
నాఁటి గుండ్లకుఁ బ్రాణముల్ నాశమయ్యె;
నేఁటి మ్రోఁతకు నవ్వులే నిండె నిచట;
పేలెను ఫిరంగి, యంతలోఁ బ్రేమ విరిసె.

గోదారిగట్టు:

నాణెం గారూ, గణయతులు నిర్దుష్టం. ‘నాఁటి, నేఁటి’ ఎదురెదురుగా నిలబడ్డాయి. కానీ ఇది పద్యమైన ఉపన్యాసం. మూడు పాదాలూ మూడు ప్రకటనలు. మనిషి లేడు. ప్రేమ విరియాలంటే కనీసం ఇద్దరు కావాలి కదండీ.

డబ్లిన్ వాన:

నాకు మొదటి పాదం మాత్రం వదలడం లేదు. ‘కొండపైఁ గోప మేది?’ మేం లిఫ్టులో పైకెళ్ళాక అచ్చం అలాగే అనిపించింది. కింద సగం చందమామలా వంగిన ఒడ్డు, పైనుంచి చూస్తే రాళ్ళు కూడా ఇసుకలాగే ఉన్నాయి.

కొత్తకలం:

ఒక ప్రశ్న. ఫిరంగి అంటే కుక్కర్ ఈల అనుకుని రాయొచ్చా?

కందిపొడి:

మొదటిసారి సెలవుకి వెళ్ళి అక్కడ కూడా వంటేనా? వద్దు.

కొత్తకలం:

సరేనండి, అయితే తిండి మాత్రం ఉంచుతాను. పద్యం రాయడం ఇది నాకు రెండోసారి. ఆ ఊళ్ళో సోకా అని శనగపిండి అట్టు దొరుకుతుందని చదివాను.

శనగపిండట్టు చేతిలోఁ జల్లఁబడఁగ
నలిగి కూర్చున్న భార్యకు నాలుగైదు
ముక్క లిడుచుండ మగఁడంత మురిపెముగను
పేలెను ఫిరంగి, యంతలోఁ బ్రేమ విరిసె.

గోదారిగట్టు:

రెండోసారికే ఇంత ధారా! శనగపిండి అట్టుని పద్యంలోకి తేవడం నాకు భలే ఇష్టంగా ఉంది. అయితే రెండో పాదంలో యతి తప్పింది. ఎక్కడో చెప్పు చూద్దాం.

కొత్తకలం:

‘నలిగి’లో అచ్చు అ. ‘నాలుగైదు’లో ఆ. అ–ఆ చెల్లుతుంది కదండీ?

గోదారిగట్టు:

ఇక్కడే చాలామంది జారిపడతారు. నీ ‘నలిగి’ నిజానికి అలిగి. ముందున్న ‘పడఁగన్’లో ద్రుతం వచ్చి అతుక్కుంది, లోపల ఉన్నది అచ్చు. కాబట్టి అచ్చుతో యతి వేయాలి. కానీ ‘నాలుగు’లో న సంధిలో వచ్చింది కాదు, మాటలో పుట్టిన హల్లు. దాని లోపల విడిగా ఆ లేదు. ‘భార్యకున్ + అందులోని’ అని చూడు:

అలిగి కూర్చున్న భార్యకు నందులోని
ముక్క లిడుచుండ…

ఇప్పుడు రెండు వైపులా అచ్చులే, అ–అ. అర్థమూ చెడలేదు. పైగా ‘నాలుగైదు ముక్కలు’ కంటే ‘అందులోని ముక్కలు’ మేలు. ఉన్న ఒక్క అట్టునే తుంచి పెడుతున్నాడు పాపం.

కందిపొడి:

యతి సరే, రుచి సంగతి నేను చెబుతాను. సోకా చల్లబడితే తినలేం. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. వెడల్పాటి రాగి పళ్ళెంలో పోసి, కట్టెలు మండే పొయ్యిలో కాలుస్తారు, అంచులు మాడాలి. మిరియాల పొడి చల్లి వేడివేడిగా చేతికిస్తారు. మన అట్టులో ఉల్లీ పచ్చిమిర్చీ లేకపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుందని మొదట అనుకున్నాను, మూడో ముక్కకి మనసు మారింది. కానీ కొత్తకలం గారు తెలిసో తెలియకో ఒక మంచి పని చేశారు. అట్టు చల్లబడేదాకా ఆవిడ అలక తీరలేదని మొదటి పాదమే చెప్పేస్తోంది. దాన్ని మార్చకండి.

ఇప్పుడు నాది. సమస్య ఇచ్చినాయన కథనే తీసుకున్నాను.

ఇసుక లేనట్టి తీరాన నిరువు రలిగి
గులకరాళ్ళపైఁ గూర్చుండి, కొంత సేపు
మాటలాడక యుండఁగ, మబ్బు లేక
పేలెను ఫిరంగి, యంతలోఁ బ్రేమ విరిసె.

గోదారిగట్టు:

‘మబ్బు లేక’! నెత్తి మీద ఒక్క మబ్బు తునక లేకుండా ఉరుము ఉరిమినట్టు. ఇరవై రోజుల్లో నేను చదివిన వాటిలో ఇంత పొదుపైన మాట ఇదే. ఉరుము అన్న మాట అనకుండానే వినిపించారు. మౌనం మీద మోత పడింది కాబట్టి ‘అంతలో’కి పని దొరికింది.

పాతనాణెం:

‘కొంత సేపు’ కొంచెం నింపుడు మాటలా ఉంది. యతి కోసం వేసినట్టు.

కందిపొడి:

యతి కోసమే వేశాను. కానీ ఆ రాళ్ళ మీద ఎవరూ ఎక్కువ సేపు కూర్చోలేరు, అలిగినవాళ్ళు కూడా. కాబట్టి ‘కొంత సేపు’ నిజం.

డబ్లిన్ వాన:

నా ఓటు దీనికే. గడువు ఈ రాత్రితో ముగుస్తుంది. ఇంకెవరైనా?

వానగొడుగు:

నమస్కారం. కొత్తగా చేరాను. డబ్లిన్ వాన గారు వారం నుంచి రాత్రిళ్ళు ఫోను చూసుకుని నవ్వుకుంటుంటే ఏమిటా అని చూశాను. మా నాన్నగారు చిన్నప్పుడు తేటగీతి నేర్పారు, మరిచిపోలేదు.

నేను బెదరితి ననుమాట నిజము కాదు;
చెంత నున్న మగఁడె నాదు చేయి పట్టె
నీలి కుర్చీల సాక్షిగా; నిక్క మిదియె;
పేలెను ఫిరంగి, యంతలోఁ బ్రేమ విరిసె.

చెప్పుల గొడవలో వాళ్ళమ్మ గారి పేరెత్తింది కూడా నేను కాదు.

కందిపొడి:

వాన గారూ, ఉన్నారా?

డబ్లిన్ వాన:

ఉన్నాను. చేయి ఎవరు ముందు పట్టుకున్నారన్నది ఇప్పుడు తేలే విషయం కాదండీ. పెద్ద శబ్దమది.

గోదారిగట్టు:

అమ్మా, నాన్నగారికి నా నమస్కారాలు. ‘మగఁడె’ అన్న చోట ఆ ఏకారం ఉంది చూశారూ, పద్యమంతా దాని మీదే నిలబడింది. ప్రేమ ఎవరికి ఎందుకు విరిసిందన్న కందిపొడి గారి ప్రశ్నకి ఇన్నాళ్ళకి జవాబు దొరికింది. ధైర్యంగా కనిపించిన మగవాడు బెదిరి చేయి పట్టుకుంటే, ఆవిడకి జాలీ నవ్వూ కలిసి వచ్చాయి. ఒక్క చిన్న మాట: ‘నాదు’ పాత వాసన, మిగతా పద్యం ఇంత తేటగా ఉన్నప్పుడు అది గుచ్చుకుంటుంది. మార్చగలిగితే మార్చండి.

వానగొడుగు:

ఆలోచించాను మాస్టారూ. గణం కోసం వేశాను, ఇంకోటి తట్టలేదు.

పాతనాణెం:

నా ఓటు వానగొడుగు గారి పద్యానికే.

కొత్తకలం:

నాదీ. ‘నాదు’ ఉన్నా సరే.

డబ్లిన్ వాన:

ఆనవాయితీ ప్రకారం వచ్చే పాదం ఇచ్చేది గెలిచినవారే. పక్క గదిలో ఉన్నారు, ఇప్పుడే అడిగాను. తేటగీతే, శనివారం లోగా పంపండి.

అలుక తీరిన వేళనే యలుక పుట్టె