చీలమండ విరిగి 9 వారాలు.. నడిచి కొండెక్కే మొక్కు, చలివేంద్రం, పెళ్లి అన్నీ ఈ ఎండల్లోనే, ఏం చెయ్యమంటారు?

గుంటూరు_ఘాటు:

అందరికీ నమస్కారం అండి. కొంచెం పెద్ద పోస్టు, ఓపికున్నవాళ్ళు చదవండి. నాకు 47. ఉగాదికి ముందు ఇల్లు దులుపుతూ అటక మీద ఇత్తడి బిందె దించుదామని స్టూలెక్కాను. ఆ స్టూలుకి ఒక కాలు పొట్టిదని ఇంటిల్లిపాదికీ తెలుసు, నాకూ తెలుసు, అయినా ఎక్కాను. బిందె కింద పడకుండా గట్టిగా పట్టుకున్నా, దానికి ఒక్క సొట్ట కూడా పడలా, నా కుడికాలి చీలమండే రెండు చోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. 6 వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు. ఇప్పుడు 9 వారాలు, చేతికర్రతో ఇంట్లో తిరుగుతున్నా, సాయంత్రమయ్యేసరికి పాదం బూరెలా పొంగుతోంది.

అసలు తంటా కాలుతో కాదు, క్యాలెండరుతో. మా వాడికి ఉద్యోగం వస్తే అలిపిరి నుంచి నడిచి వస్తానని రెండేళ్ళ కింద మొక్కుకున్నా, ఈ జనవరిలో వచ్చింది. జూన్‌లో మా వీధి ఆడవాళ్ళం శ్రీవారి సేవకి పేర్లు పెట్టుకున్నాం, ఎలాగూ వెళ్తాం కదా నడిచే ఎక్కి మొక్కు తీర్చేసుకుని అటునుంచి అటే సేవకి పోదామని నా ప్లాను. ఈలోపు నెలాఖరుకి రాజమండ్రిలో మా అక్క కూతురి పెళ్లి, ఊరగాయ నాదేనని ఆర్నెల్ల కిందే మాటిచ్చేశా. ఇంకోటి, రామాలయం దగ్గర ఏటా శ్రీరామనవమికి పానకం పంచి ఆ రోజే చలివేంద్రం మొదలుపెడతాం, ఇసక మీద కుండలు పెట్టి తడి గోనెలు చుట్టి, మధ్యాహ్నం అల్లం కరివేపాకు వేసిన మజ్జిగ. ఈసారి నేను మంచంలో ఉంటే మా తోటికోడలు ఒక్కతే లాక్కొస్తోంది, పాపం వడలిపోయింది.

డాక్టరు గారిని మెట్ల సంగతి ఇంకా అడగలేదు, అడిగితే వద్దంటారని భయం. మా అత్తగారేమో "నడుస్తానని మొక్కి బస్సెక్కితే ఊరుకోడానికి ఆయన వడ్డికాసులవాడు" అంటారు. మా మరిది పుత్తూరు కట్టు కట్టిస్తే పది రోజుల్లో పరిగెడతావ్ వదినా అంటాడు. మావారు ఏమీ అనరు, అదో బాధ. మీలో ఎవరైనా ఇలా ఇరుక్కుని బయటపడ్డారా? జూన్‌కి ఎక్కగలనా? నిజం చెప్పండి.

బెజవాడ_ఫిజియో:

అమ్మా నేను ఫిజియోని, 14 ఏళ్ళుగా ఇదే పని. మీ ఎక్స్‌రే నేను చూడలేదు కాబట్టి మీ డాక్టరు గారి మాటే ఫైనల్, వద్దంటారని అడగకుండా ఉండటం మాత్రం బాలేదు. నా అనుభవంలో ఎక్కువమంది పొరబడేది ఒకేచోట, ఎముక అతుక్కుంటే కాలు బాగయినట్టే అనుకుంటారు. అతుక్కోవడం వేరు, పిక్కకి బలం రావడం వేరు. ఆరు వారాలు కాలు కింద పెట్టకపోతే పిక్క ఎంత తగ్గిపోతుందో రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి టేపుతో కొలిచి చూడండి మీకే తెలుస్తుంది.

ఒక చిన్న పరీక్ష చెప్తా, డాక్టరు గారు సరేనన్నాకే చెయ్యండి. గోడ పట్టుకుని విరిగిన కాలి మీద ఒక్కదాని మీదే నిలబడి మడమ పైకి లేపాలి. వరసగా 20 సార్లు లేపగలిగిన రోజు మెట్ల గురించి మాట్లాడుకుందాం. అలిపిరి దారి 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు, చివర్లో మోకాళ్ళ మిట్ట దగ్గర ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే గోడ పట్టుకుంటారు. మూడో నెలలో ఈ దెబ్బకి అది చాలా ఎక్కువ. వాపుకి కాలు గుండె కన్నా ఎత్తులో పెట్టి పడుకోండి, కుర్చీలో కూర్చుని స్టూలు మీద పెడితే అది ఎత్తు కాదు. ఐసు గుడ్డలో చుట్టి పెట్టండి. పెళ్లికి వెళ్ళేటప్పుడు రైల్లో కాళ్ళు వేలాడేసుకుని కూర్చోకుండా పాదాలు పైకీ కిందకీ ఆడిస్తూ ఉండండి, చెప్పులు కాదు లేసులున్న బూట్లే, పట్టుచీర కింద ఎవరికీ కనపడవులే.

ముఖ్యమైంది. పిక్క పట్టేసి నొప్పి, ఎరుపు, వేడి ఉంటే నూనె పెట్టి మర్దనా చెయ్యొద్దు, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్ళండి, ఊపిరాడకపోతే ఇక ఆగొద్దు. పుత్తూరు కట్టుకి పెద్ద పేరుంది కాదనను, కానీ లోపల ప్లేటు వేసి బిగించిన కాలికి మళ్ళీ పైనుంచి కట్టి సరిచేసేది ఏముంటుంది చెప్పండి.

సీమ_బండ:

ఈ ఫిజియోలు ఊరికే భయపెడతారక్కా. నేను కాలు ఇరిగిన నాలుగు నెల్లకే ఎక్కినా, ఏం గాలే. గోవిందా గోవిందా అనుకుంటా పోతాంటే నొప్పే తెలీదు.

బెజవాడ_ఫిజియో:

అన్నా మీకు విరిగింది ఏ ఎముక?

సీమ_బండ:

చిటికెన వేలు

కరీంనగర్_పోరడు:

😂😂 అన్నా దండం నీకు. అక్కా నా కథ ఇను, ఇన్నంక నీ ఇష్టం. నేను హనుమాన్ దీక్ష తీసుకున్న, 41 రోజులది. 30వ రోజు బండి స్కిడ్ అయ్యి మోకాలు మలుసుకపోయింది, లిగమెంట్ సగం తెగిందన్నరు, ఆపరేషన్ అక్కర్లేదు గని బ్రేస్ పెట్టుకోని నడుసుడు తగ్గియ్యి అన్నరు. నేనేం జేసిన? మెడల మాల ఉండంగ బస్సుల పోవుడేంది, ఇజ్జత్ పోతది అని దోస్తులతోటి కరీంనగర్ నుంచి కొండగట్టుకు చెప్పులు లేకుండ నడిసిన. దగ్గర దగ్గర 35 కిలోమీటర్లు. ఎండ తగలకుంట రాత్రి బయలెల్లినం, ముందుగాల మంచిగనే ఉండె, జై శ్రీరామ్ అనుకుంట ఉరికినట్టే పోయిన. గంగాధర దాటినంక మోకాలు నా మాట ఇనుడు బంద్ జేసింది. రోడ్డు పక్క కంకర కుప్ప మీద కూసున్న, మళ్ల లేవలే. ఆఖరికి పాల ఆటోల ఎక్కిచ్చి కొండ కాడ దింపిన్రు, అంటే నడిసిన మొక్కు గూడ నడిసినట్టు గాలే. తర్వాత ఆపరేషన్, తొమ్మిది నెలలు ఇంట్లనే.

మా అవ్వ దవాఖానల మంచం పక్కన కూసోని ఒక్కటే మాటన్నది, "సంజీవని కొండనే మోసుకొచ్చినోడు, నువ్వు బస్సుల అస్తే అద్దంటడా బిడ్డా". గా మాట ముందుగాల అంటే ఏం పోయె అనిపిచ్చింది గని, అన్నా గూడ ఇనకపోదు నేను.

పెన్నా_గట్టు:

నేను శ్రీవారి సేవకి రెండు తూర్లు పోయొచ్చా, ఆ నారింజ రంగు చీరలు ఇంకా బీరువాలో ఉండాయి. ఏడు రోజులూ ఎంత బావుంటుందో అంత నడక. మొదటి తూరి మాకు అన్నప్రసాదం దగ్గర పడింది, తరిగొండ వెంగమాంబ భవనంలో. ఒక బంతి లేవడం ఆలస్యం ఇంకో బంతి కూర్చుంటుంది, చేతిలో సాంబారు బకెట్టు, కింద నేల తడి. కర్ర పట్టుకుని ఆ తడిలో నిలబడితే నువ్వు సేవ చెయ్యడం కాదు, మిగతావాళ్ళు నిన్ను చూసుకోవాల. రెండో తూరి కూరగాయలు తరిగే పని పడింది, అది నయం, కానీ మనం కోరుకుంటే వచ్చేది కాదమ్మా. ఈ తూరికి మీ గ్రూపు లీడరుకి రానని ఇప్పుడే చెప్పేయ్, చివర్లో చెప్తే తిట్టుకుంటారు.

ఇంకోటి, ఎవురన్నా శ్రీవారి మెట్టు దారి చిన్నది కదా అది ఎక్కు అంటారు, నమ్మబాక. రెండు కిలోమీటర్ల పైచిల్లరే కానీ అందులోనే 2,388 మెట్లు, అంటే ఎంత నిట్టనిలువో చూసుకో. మా పిన్నమ్మ మోకాళ్ళు అరిగిపోయి ఎక్కలేక ఏం చేసిందంటే అలిపిరిలో పాదాల మండపం దగ్గర స్వామి పాదుకలు నెత్తిన పెట్టుకుని తిరిగి, మొదటి మెట్లకి పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుని బస్సులో పోయింది. కాలు బాగయినాక మిగతా మెట్లు ఎక్కుతానని ఆడే చెప్పుకుని రా. నువ్వు తేదీ ఏమన్నా మొక్కుకున్నావా, లేదు కదా.

ఒంగోలు_పాప:

వందనాలు అక్కా. నాది భుజం. మా చర్చిలో ప్రతి మే నెలా పిల్లలకి వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి) పెడతాం, యాక్షన్ సాంగ్స్ నేర్పేది నేనే. ఈసారి భుజం జారి ఎడమ చెయ్యి స్లింగ్‌లో ఉంది. మానేద్దామంటే పాస్టరమ్మ గారు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నేను ఒక్క చేత్తో చేసి చూపించా, ముగింపు రోజు తల్లిదండ్రుల ముందు 60 మంది పిల్లలూ ఎడమ చెయ్యి పొట్టకి ఆనించుకుని ఒక్క చేత్తోనే చేశారు 🤦‍♀️ అదే స్టెప్పు అనుకున్నారు. మీ చలివేంద్రం దగ్గర కూడా కుర్చీ వేయించుకోండి అక్కా, గ్లాసు అందించడానికి కాలెందుకు.

గుంటూరు_ఘాటు:

ఎనిమిది రోజులయింది, అందరికీ ఒకేసారి చెప్తున్నా. డాక్టరు గారి దగ్గరకి వెళ్ళాను. ఎక్స్‌రే బానే ఉందన్నారు, మెట్ల సంగతి అడిగితే కళ్ళజోడు తీసి నా వైపు చూశారు అంతే, నాకు జవాబు తెలిసిపోయింది. మడమ లేపే పరీక్ష ఆయన ముందే చేశా, 20 కాదు ఒక్కటి కూడా లేవలా. లీడరు గారికి రానని చెప్పేశాను, ఫోను పెట్టేశాక కాసేపు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి అత్తగారికి పాదాల మండపం సంగతి చెప్పి, మొక్కు వాయిదా వేస్తున్నా అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. నాకు అనుమానం వచ్చి గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది, మామయ్య గారికి ఎప్పుడో పాతికేళ్ళ కింద జబ్బు చేసినప్పుడు ఈవిడ నిలువుదోపిడి మొక్కుకున్నారంట, ఒంటి మీదున్న బంగారమంతా హుండీలో వేస్తానని. ఇప్పటిదాకా వెయ్యలేదు! కొండకి వెళ్ళినప్పుడల్లా ఆ నల్లపూసలు తప్ప ఏమీ పెట్టుకోరు ఎందుకా అనుకునేదాన్ని. ఇద్దరం బాకీదార్లమే అని తేలింది, అప్పట్నుంచి నా కాలికి కాపడం పెట్టనా అని అడుగుతున్నారు. వాపుకి కాపడం వద్దు ఐసు అని చెప్పలేక చస్తున్నా.

ఒంగోలు చెల్లెమ్మా, నీ మాట విని నాలుగు రోజులుగా చలివేంద్రం దగ్గర పొద్దున రెండు గంటలు కూర్చుంటున్నా, ఎండెక్కేలోపు వచ్చేస్తా. నిన్న మిర్చి యార్డులో మూటలు మోసే పెద్దాయన ఒకాయన వచ్చాడు. ఒళ్ళంతా కారం, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మూడు గ్లాసులు తాగి నాలుగోది తుండుగుడ్డ మీద పోసుకుని మొహం తుడుచుకున్నాడు. నా కాలు చూసి ఏమైందమ్మా అన్నాడు, స్టూలు మీంచి పడ్డా అన్నా. తన పంచె పైకెత్తి మోకాలి కింద ఇంత పొడుగు మచ్చ చూపించి "నాది లారీ మీంచి, నెలకే పనిలోకి పోయా, ఇప్పటికీ చలికాలం కుంటుతా, మీకు కూర్చోబెట్టేవాళ్ళు ఉన్నారు, కూర్చోండి" అని గ్లాసు బోర్లించి వెళ్ళిపోయాడు.

ఇంక పెళ్లి ఊరగాయ ఒక్కటి మిగిలింది. కింద కూర్చుని కత్తిపీటతో కొట్టలేను కాబట్టి కాయలు బజార్లోనే ముక్కలు కొట్టించి తెమ్మని మావారిని పంపించా. టెంక లేని ముక్క ఒక్కటి కూడా రాకూడదని మూడుసార్లు చెప్పా. వెళ్ళి గంటన్నర అయింది, ఫోను ఎత్తట్లేదు.