క్రోన్స్ వ్యాధి: ఏం తినాలి, బయట భోజనం చేయవలసి వస్తే ఎలా?

ప్రశ్న

నాకు క్రోన్స్ వ్యాధి (పేగుల్లో దీర్ఘకాలం వాపు ఉండే జబ్బు) ఉంది. చిన్నపేగు చివరి భాగంలో వాపు ఉన్నట్టు కొలనోస్కోపీలో తేలింది. రోగనిరోధక శక్తిని తగ్గించే అజథయోప్రిన్ అనే మందు వాడుతున్నాను, వ్యాధి ప్రస్తుతం అదుపులోనే ఉందని డాక్టరు గారు అంటున్నారు. అయినా తిండి విషయంలో నా భయం పోలేదు. ఒకసారి కడుపు నొప్పి వస్తే పాలు మానేశాను, ఇంకోసారి పప్పుధాన్యాలు మానేశాను, తర్వాత పండ్లు, పచ్చి కూరగాయలు కూడా పక్కన పెట్టాను. ధైర్యంగా తినగలిగినవి ఇప్పుడు చాలా కొద్దిగానే మిగిలాయి, బరువు కూడా తగ్గుతున్నాను. తోటి ఉద్యోగులు భోజనానికి పిలిచినప్పుడల్లా ఏదో ఒక కారణం చెప్పి ఆగిపోతున్నాను. ఈ జబ్బుకు ప్రత్యేకమైన పథ్యం ఉందా? రెస్టారెంటుకు వెళ్లవలసి వస్తే మీరు ఏం చూసుకుంటారు, ఏం అడుగుతారు?

జవాబు

నేను చాలాకాలంగా పెద్దపేగు లోపలి పొరలో వాపు, పుండ్లు వచ్చే అల్సరేటివ్ కొలైటిస్‌కు మందులు వాడుతున్నాను. మీ జబ్బు నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, నాది పెద్దపేగుకే పరిమితం. అయినా ఆహారం విషయంలో మనకు ఎదురయ్యే చిక్కు ఒక్కటే. జబ్బు తిరగబెట్టిన రోజుల్లో పాటించవలసిన పథ్యాన్ని, అదుపులో ఉన్న రోజుల్లో కూడా వదలకుండా కొనసాగిస్తాము. తిరగబెట్టినప్పుడు తొక్క, గింజలు తీసి మెత్తగా ఉడికించినవి, నూనె తక్కువగా ఉన్నవి కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినడం చాలామందికి ఉపశమనం ఇస్తుంది. కానీ ఆ పద్ధతి ఆ రోజుల వరకే.

ఏదో తిన్నాక కడుపు ఉబ్బరించినంత మాత్రాన పేగులో వాపు పెరిగిందని అర్థం కాదు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పుధాన్యాల్లోని కొన్ని పిండిపదార్థాలు పూర్తిగా జీర్ణం కాక పెద్దపేగులో పులిసి గ్యాస్ పుట్టిస్తాయి. దానివల్ల నిజంగానే బాధ కలుగుతుంది, అయితే అది పుండు కాదు. ఈ రెంటినీ విడదీసి చూడడానికి మలంలో (పేగులో వాపు ఉంటే పెరిగే ప్రొటీన్ అయిన) కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష ఉంది. అది మామూలుగా వస్తే, మానేసిన వాటిని ఒక్కొక్కటిగా, చిన్న మోతాదులో మొదలుపెట్టి, కొన్ని రోజులు గమనించి, ఆ తర్వాతే రెండోదానికి వెళ్లండి. రెండు పదార్థాలు ఒకేసారి మొదలుపెడితే ఏది పడలేదో తెలియకుండా పోతుంది. పాల విషయంలో కూడా అంతే. పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ పడనివారికి పెరుగు, గట్టి చీజ్ తరచుగా ఇబ్బంది పెట్టవు, కాబట్టి పాల పదార్థాలన్నిటినీ ఒక్కసారిగా వదులుకోనక్కరలేదు.

జవాబు

నేను డైటీషియన్‌ని. బరువు తగ్గుతున్నారని మీరు రాశారు, నన్ను అన్నిటికంటే కలవరపెట్టినది అదే. దాన్ని భరించవలసిన విషయంగా తీసుకోకుండా మీ డాక్టరుకు వెంటనే చెప్పండి. విటమిన్ బి12ను శరీరం పీల్చుకునేది చిన్నపేగు చివరి భాగంలోనే, మీ వాపు కూడా అక్కడే ఉంది. కాబట్టి బి12, ఐరన్, విటమిన్ డి పరీక్షలు చేయించడం అవసరం. పిల్లల్లో క్రోన్స్ వ్యాధికి 6 నుంచి 8 వారాల పాటు కేవలం ద్రవరూప పోషకాహారం ఇచ్చి వాపును తగ్గించే చికిత్స ఉంది, అంటే ఆహారానికి ఈ జబ్బులో నిజమైన పాత్ర ఉంది. అయితే అది వైద్యుల పర్యవేక్షణలో జరగవలసినది. సొంతంగా ఒక్కొక్కటే మానుకుంటూ పోతే పోషకాలు తగ్గుతాయే తప్ప జబ్బు తగ్గదు.

జవాబు

బయట భోజనం గురించి నేను చెబుతాను, నాకూ క్రోన్స్ వ్యాధే. మెనూ ముందుగా చూసుకుని, రద్దీ లేని వేళలో ఫోన్ చేయండి. ‘కారం తక్కువగా ఉంటుందా?’ అని అడిగితే ఎవరైనా ‘ఉంటుందండీ’ అనే అంటారు. దానికి బదులు ‘దీన్ని నూనెలో వేయిస్తారా, ఆవిరి మీద ఉడికిస్తారా? పైన పచ్చి ఉల్లిపాయ గానీ, గింజలు గానీ చల్లుతారా? సాస్ విడిగా ఇవ్వగలరా?’ అని అడిగితే, వడ్డించే వ్యక్తి వంటవాళ్లను కనుక్కుని వచ్చి కచ్చితమైన జవాబు చెబుతారు. జబ్బు పేరు చెప్పనక్కరలేదు, డాక్టరు సలహా అంటే చాలు.

మీరు రోగనిరోధక శక్తిని తగ్గించే మందు వాడుతున్నారు కాబట్టి సరిగ్గా ఉడకని గుడ్డు, మాంసం, పచ్చి చేప, పాశ్చరైజ్ చేయని పాలు వద్దు. బఫేలో గోరువెచ్చగా చాలాసేపు ఉన్న వంటకాల కంటే అప్పటికప్పుడు వేడిగా వండి తెచ్చినవి మేలు. షుగర్‌ఫ్రీ చ్యూయింగ్ గమ్, మిఠాయిల్లోని సార్బిటాల్ అనే తీపి పదార్థం విరేచనాలు కలిగించగలదని కూడా గుర్తుంచుకోండి. మరుగుదొడ్డి ఎక్కడుందో కూర్చోకముందే చూసుకుంటే సగం ఆందోళన అక్కడే తగ్గుతుంది. తిండి మీద పూర్తిగా ధైర్యం రానంతవరకు ఇంట్లోనే కొంచెం తిని వెళ్లి, అక్కడ ఒకటి రెండు పదార్థాలతో సరిపెట్టుకోండి. మీవాళ్లు పిలిచేది మీతో కాసేపు గడపడానికి కాబట్టి వెళ్లడం మాత్రం మానకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఒక సంగతి రాయలేదు. నా పేగులో ఒకచోట కొంత ఇరుకు ఏర్పడిందని స్కాన్‌లో ఉంది. దానివల్ల పైన చెప్పిన సలహాలు మారతాయా?

జవాబు

డైటీషియన్‌ని మళ్లీ రాస్తున్నాను. చాలా మారతాయి. ఇరుకు ఉన్నచోట పీచు గట్టిగా ఉండే ముక్కలు చిక్కుకుపోవచ్చు. మొక్కజొన్న గింజలు, పుట్టగొడుగులు, విడిగా తినే గింజలు, పండ్ల తొక్కలు, నారింజ తొనల పైపొర మానండి. అలాగని పండ్లు, కూరగాయలు మొత్తంగా మానవలసిన పని లేదు. తొక్క తీసి ఉడికించి, మెత్తగా రుబ్బి వడకట్టిన సూపు చాలామందికి పడుతుంది, రెస్టారెంటులో కూడా అది సులభంగా దొరుకుతుంది. ఎక్కడ తిన్నా నెమ్మదిగా, బాగా నమిలి మింగండి. మానేసిన వాటిని తిరిగి మొదలుపెట్టే ముందు స్కాన్ రిపోర్టును మీ డాక్టరుకు, డైటీషియన్‌కు చూపించి, ఏది మొదలుపెట్టవచ్చో వారినే నిర్ణయించనివ్వండి. కడుపు ఉబ్బి, నొప్పి తెరలుతెరలుగా వస్తూ, వాంతులవుతూ, గ్యాస్ గానీ మలం గానీ పోకుండా ఉంటే అది పేగు మూసుకుపోయిందనడానికి సూచన కావచ్చు. అప్పుడు ఇంట్లో ఏ చిట్కా ప్రయత్నించకుండా నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.